మీ అక్క అడగలేదు గానీ

పళ్ళ ల్యాబు వెనక గది,
మంగళవారం పొద్దున

బావకి,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం నీకు. ఆ ఇంట్లో ఇంకెవరికీ కాదు. ఇంకెవరైనా చదివితే అది వాళ్ళ ఇష్టం, నా పూచీ లేదు.

తుఫాను మీ ఊరి దగ్గర తీరం దాటి ఇవాళ్టికి ఐదు రోజులు. ఫోను చేస్తే 'అందుబాటులో లేరు' అని ఒకావిడ చెబుతోంది. రోజుకు ఇరవైసార్లు ఆవిడ గొంతే వింటున్నాను. ఇంకో వారం పోతే ఆవిడకీ నాకూ చుట్టరికం కలిసేలా ఉంది. సముద్రం ఒక పక్క నుంచి, ఏరు ఇంకో పక్క నుంచి ఊళ్ళోకి వచ్చాయనీ, బ్రిడ్జి మధ్యలో తెగిపోయిందనీ, కరెంటు ఎక్కడా లేదనీ రేడియోలో చెప్పారు. మీ వీధి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచికో చెడుకో తెలియక, నిన్న ఒకాయన పళ్ళ సెట్టుకి కోరపళ్ళు రెండూ ఒకే పక్కన అమర్చాను. మా డాక్టరు చూసి, రెండు రోజులు సెలవు తీసుకోమంది.

సెలవు తీసుకుని ఏం చేయను? అందుకే ఇది రాస్తున్నాను. మందుల డిపో వ్యాను రేపు తెగిన బ్రిడ్జి దాకా వెళ్తోందట. అక్కడి నుంచి పడవ మీద మీ ఆవిడ కొట్టుకి మందుల పెట్టెలు చేరుస్తారట. డ్రైవరుని బతిమాలి ఇదీ, ఒక మూటా ఇచ్చాను. అందులో రొట్టెలు, టార్చిలైట్లు, బ్యాటరీలు, కొవ్వొత్తులు, బ్లీచింగు పౌడరు, రెండు జతల రబ్బరు బూట్లు ఉన్నాయి. పెద్ద జత నీది. చిన్న జత ఎవరి కాలికి సరిపోతే వాళ్ళు వేసుకోవచ్చు. ఎవరు పంపారని అడిగితే గాలికి కొట్టుకొచ్చాయని చెప్పు.

ఇక నీ సంగతి. నువ్వు లైన్‌మన్ ఉద్యోగంలోంచి రిటైరై మూడేళ్ళయింది. ఎనిమిదేళ్ళ కిందట స్తంభం మీద నుంచి పడి పదకొండు వారాలు ఆస్పత్రి మంచానికి అతుక్కుపోయిన సంగతి నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. కరెంటు లేదని ఊరంతా ఏడుస్తుంటే నీ కాళ్ళు ఊరుకోవు. ఊరుకోమని చెప్పు వాటికి.

బతికున్నామని ఒక్క ముక్క రాయి. ఇద్దరి గురించీ రాయి.

నీ మరదలు


మందుల కొట్టు మేడ మీద,
ఒక పక్క మంచం, మూడు పక్కలా దగ్గు మందు,
శుక్రవారం

పళ్ళ డాక్టరమ్మ గారికి బావ రాయడమేమనగా,

బతికే ఉన్నాం. ఇద్దరం. ఇంకొకటి కూడా రాసేస్తాను, దాచితే నీకు ఎలాగూ తెలుస్తుంది: నా పైపళ్ళ సెట్టు పోయింది. కింద కిటికీ గట్టు మీద గ్లాసులో పెట్టి, పైకొచ్చి పడుకున్నాను. తెల్లారేసరికి గట్టూ ఉంది, గ్లాసూ ఉంది, పళ్ళు మాత్రం వరదతో వెళ్ళిపోయాయి. ఈపాటికి ఏ చేపో పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది. నువ్వు పంపిన రొట్టె టీలో ముంచుకుని మింగుతున్నాను.

నీళ్ళు మెట్ల మీద పై నుంచి మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి. కింద నా రిపేరు బల్ల మునిగింది. జనం ఇచ్చిన నలభై ఒక్క ఫ్యాన్లూ మోటార్లూ మునిగాయి. మందులు మాత్రం ఒక్క మాత్ర తడవలేదు. గాలి మొదలవకముందే మీ అక్క కొట్టంతా మేడ మీదకి ఎక్కించేసింది. 'వాన రానీ చూద్దాం' అని నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటే, పెట్టెలు మోయించి నడుం విరగ్గొట్టింది. ఇప్పుడు మా పడకగదే మందుల కొట్టు. నేను పడుకునే పక్క మీద కూర్చుని జనం బీపీ చూపించుకుంటున్నారు. ఫ్రిజ్‌లో ఉండాల్సిన ఇన్సులిన్ సీసాల్ని తడి ఇసుక పోసిన కుండలో పెట్టింది. ఆ కుండ మీద నీడ పోతే నా మీద అరుస్తుంది. నాకు ఎండ తగిలినా పట్టించుకోదు.

మీ అక్క అడగలేదు గానీ, అక్కడ గాలి ఎంత వీచింది, నువ్వుండే ఇంటి మీద రేకులు ఉన్నాయా ఎగిరాయా అని నాకే తెలుసుకోవాలనిపించి రాస్తున్నాను.

(ఇప్పుడే వెనక నుంచి 'రేకులు కాదు, పెంకులు' అని వినిపించింది. నేను గట్టిగా చదవడం లేదు. మరి ఆవిడకి ఎలా తెలిసిందో నువ్వే ఊహించుకో.)

గాలికి కొట్టుకొచ్చిన బూట్లు అందాయి. చిన్న జత సరిగ్గా సరిపోయింది. 'ఈ గాలికి నా కాలి కొలత బాగా తెలుసే' అంది. రెండు రోజులుగా వాటిని విప్పడం లేదు.

స్తంభాల సంగతి: మా వీధిలో ఏడు పడ్డాయి, రెండు ఒరిగాయి. నేను వాటి వైపు చూడటం లేదు. చూసినా ఒక కన్నుతోనే.

నీ బావ


పళ్ళ ల్యాబు,
ఆదివారం

బోసినోటి బావకి,

పెంకులు ఇరవై దాకా లేచిపోయాయి. మేస్త్రీ వచ్చి సర్దాడు. మంచం మీద ఒక చోట బొట్టు పడుతోంది, మంచం జరిపాను. ఈ సమాచారం నీకోసమే. పెంకుల మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకీ చెప్పొచ్చు.

నీ పళ్ళ గురించి బెంగపడకు. నీ నోటి అచ్చు మా అలమారలో ఇంకా ఉంది. అచ్చులన్నీ ఏడాదికి పారేస్తాం. నీది పారేయలేదు. ఎందుకంటే నీ అంత వంకర దవడ ఈ జిల్లాలో ఇంకోటి లేదు, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకి చూపిస్తుంటాం. నిన్న శనివారమైనా కూర్చుని కొత్త సెట్టు చేశాను, ఈ మూటలో ఉంది. మొదటి రెండు రోజులు గట్టి వస్తువులు నమలకు. గాజు గ్లాసులో పెట్టి కిటికీ దగ్గర అసలు పెట్టకు.

ఒక సంగతి అడగాలి. వాన ఆగి పది రోజులవుతోంది కదా, వీధిలో నీళ్ళు ఇంకా ఎందుకున్నాయి? మీ వీధి చివర పంపుహౌసు ఉందిగా, వాననీళ్ళు ఏట్లోకి తోడేది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు దాని చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు. అది ఏమైంది? డ్రైవరు మీ వైపు జ్వరాలు మొదలయ్యాయంటున్నాడు. ఈసారి డిపోలో సెలైను సీసాలు దొరికినన్ని ఎక్కించారట. అవి ఎవరికి కావాలో నాకు తెలియదు, తెలిసినవాళ్ళు తెలుసుకుంటారు.

నీ మరదలు


మందుల కొట్టు మేడ మీద,
బుధవారం

మరదలికి,

సెట్టు కుదిరింది. పెట్టుకోగానే మీ అక్క ఎదురుగా నిలబెట్టి నవ్వమంది. నవ్వాను. ఎడమ పక్క, కుడి పక్క తిప్పి చూసి, 'పనితనం ఉంది' అంది. నా నవ్వు గురించి కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా నవ్వుని ఇంత శ్రద్ధగా చూడటం ఇదే మొదలు.

పంపుహౌసు గురించి అడిగావు. మోటారు బాగానే ఉంది. అది ఎత్తు మీద ఉంది కాబట్టి తడవలేదు. దానికి కరెంటు లేదు. సబ్‌స్టేషను నుంచి లైను మా వీధి మొదటి దాకా వచ్చేసింది. ఇక్కడి నుంచి పంపుహౌసుకి నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల దూరంలోనే మా బతుకంతా ఆగింది. తొమ్మిది వీధులకి ఒక్కడే లైన్‌మన్, మా నిచ్చెన. గుర్తున్నాడా? నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆరడుగుల మూడంగుళాలు, సగం పనికి నిచ్చెన వేయక్కర్లేదని నేనే ఆ పేరు పెట్టాను. పాపం పొద్దున ఐదింటికి ఎక్కితే చీకటి పడేదాకా దిగడు. మోకాలి పైన ఏదో రేకు కోసుకుంది. కట్టు కట్టించుకోవడానికి ఇక్కడికి వస్తాడు, మీ అక్క తిడుతూ కడుతుంది.

నీళ్ళు మోకాళ్ళ లోతుకి దిగి అక్కడే ఆగిపోయాయి. రంగు చెప్పను, నువ్వు రొట్టె తింటూ చదువుతుంటావేమో. ఎదురింటి గడియారాల ఆయన్ని, మంచం దిగలేడు కదా, నలుగురం మా ఇంటి తలుపు ఊడదీసి దాని మీద పెట్టి మా మేడకి మోసుకొచ్చాం. 'టైమెంతైంది' అని గంటకోసారి అడుగుతాడు. ఆయన దుకాణంలో గడియారాలన్నీ ఒకే నిమిషం దగ్గర ఆగాయి, అది తలుచుకుని బాధపడతాడు. మంగలి రెండో మెట్టు మీద కుర్చీ వేశాడు. బడి పెద్దమ్మ, అదే హెడ్‌మిస్ట్రెస్, ఎవరింట్లో ఏ స్టవ్ పనిచేస్తుందో పట్టీ వేసి, వంతులవారీగా వంట చేయిస్తోంది. నా వంతు వచ్చిన రోజు అందరికీ ఆకలి లేదన్నారు.

నేను మేడ మీద నుంచి సలహాలు మాత్రమే ఇస్తున్నాను.

మీ అక్క అడగలేదు గానీ, మంచం ఎటు జరిపావు? గోడ వైపు జరిపితే చెమ్మకి నీకు పడిశం పడుతుందని నాకు ఎందుకో అనిపించింది. నాకు ఇలాంటివి అనిపించవని నీకు తెలుసు.

నీ బావ


పళ్ళ ల్యాబు,
శుక్రవారం

గౌరవనీయులైన బావగారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీరు మేడ మీద నుంచి సలహాలు మాత్రమే ఇస్తున్నారని మీరు రాయగా చదివి సంతోషించాను. అయితే పడవ నడిపే అతను మా డ్రైవరుతో ఒక మాట చెప్పాడు. మొన్న మందులు దించేటప్పుడు మీరు పిట్టగోడ మీద కూర్చుని, ఒక తోలు బెల్టుకి నూనె రాస్తూ కనిపించారట. సలహాలకి బెల్టు ఎందుకు బావగారూ?

ఇక ఎగతాళి చాలు. నాకు చేతకావడం లేదు.

బావా, నువ్వు పడ్డ రోజు ఆస్పత్రి వరండాలో నేను నిలబడ్డాను. నీ చెప్పులు ఎవరో తెచ్చి నా చేతికిచ్చారు. ఇంక నీకు ఇవి అక్కర్లేదేమో అన్నట్టుంది వాళ్ళ మొహం. ఆ రోజే ఆ వరండాలో అనకూడని మాట అని, అక్కని పోగొట్టుకున్నాను. ఇప్పుడు నీకేమైనా అయితే నాకు ఉత్తరం రాసేవాళ్ళు కూడా ఉండరు. ఇది స్వార్థమే. స్వార్థంతోనే అడుగుతున్నాను. నీకు అరవై ఒకటి. ఆ బెల్టు ఆవిడకి ఇచ్చెయ్. దాచిపెట్టమను. నేను చెప్పానని చెప్పు, పర్వాలేదు.

నీ మరదలు


మేడ మీద,
మంగళవారం

ఏమని పిలిచి మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. అందుకే పిలవకుండా మొదలుపెడుతున్నాను.

ముందు ఇది చదువు: మీ బావ బతికే ఉన్నారు. కుడి మణికట్టు విరిగింది. పక్కటెముకలు రెండు బీటవారాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. నా అక్షరాలు వంకరగా ఉంటే భయపడకు, తాడు ఒరుసుకుని అరచేతులు కమిలాయి, కట్లున్నాయి. మా ఇద్దరికీ కలిపి ప్రస్తుతం ఒకటిన్నర చెయ్యి ఉంది. దానితోనే రాస్తున్నాను.

శనివారం పొద్దున నిచ్చెన కాలు చూపించుకోవడానికి వచ్చాడు. కట్టు విప్పితే మోకాలి నుంచి తొడ దాకా ఎర్రగా పొంగి ఉంది. ఇంక నువ్వు నిలబడటానికి కూడా వీల్లేదన్నాను. తలొంచుకుని, 'పక్క జిల్లా మనుషులు రావాలమ్మా. ఎనిమిది రోజులు పడుతుంది' అన్నాడు. 'పంపుహౌసుకి ఇంకెన్ని స్తంభాల పని మిగిలింది?' అని అడిగాను. 'రెండే' అన్నాడు.

నా దగ్గర సెలైను సీసాలు నాలుగున్నాయి. మంచం పట్టినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో గడియారాల ఆయన భార్యకి ఆ పొద్దుటి నుంచే మాట తడబడుతోంది. ఎనిమిది రోజులు ఆ నీళ్ళ మధ్యే ఉంటే ఈ తొమ్మిది ఎంతవుతుందో మందులమ్మేదానికి ఒకరు చెప్పాలా? మీ బావ మూల కూర్చుని తడిసిన ఫ్యాను విప్పుతున్నారు. తల ఎత్తలేదు. నా వైపు చూస్తే అడిగినట్టవుతుందని చూడలేదు. ఆయన బెల్టుకి నూనె రాసిన సంగతి నాకు తెలుసు. ఆ నూనె నా వంటింటి సీసాలోదే.

'వెళ్ళండి' అన్నాను.

'ఎక్కడికి?' అన్నారు.

'తెలియనట్టు అడక్కండి' అన్నాను.

అంతా పద్ధతిగానే చేశారు. నిచ్చెన సబ్‌స్టేషనుకి మనిషిని పంపి లైను ఆపించాడు, కుర్చీలో కూర్చుని దగ్గరుండి చెప్పాడు. నేల నానిపోయింది కదా, స్తంభానికి నాలుగు పక్కలా తాళ్ళు కట్టి ఇద్దరేసి ఒకటి పట్టుకున్నాం. మంగలీ అతని అన్నా ఒకటి. బడి పెద్దమ్మా నేనూ ఒకటి. మిగతా రెండూ వీధిలోవాళ్ళు. మొదటి స్తంభం అరగంటలో అయిపోయింది. రెండోదాని మీద తీగ కలిపి, బిగించి, అక్కడి నుంచి 'టీ పెట్టు, వచ్చేస్తున్నా' అన్నారు. దిగుతుండగా స్తంభం మా వైపు నుంచి అవతలికి ఒరగడం మొదలైంది. మెల్లగా. ఎంత మెల్లగా అంటే, ఒరుగుతోందని నమ్మడానికే కాసేపు పట్టింది. మా తాడు మీదే బరువంతా పడింది. పట్టుకున్నాం. నలుగురు పరిగెత్తుకొచ్చి మా వెనక పట్టుకున్నారు. ఆయన జారుతూ సగానికి వచ్చి, అక్కడి నుంచి నీళ్ళలో పడ్డారు. ఆయన పడ్డాక కూడా నేను తాడు వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పారట. నాకు గుర్తులేదు.

తీగ తెగలేదు. సాయంత్రం నాలుగున్నరకి పంపు మోగింది. వీధంతా మెట్ల మీద నిలబడి దాని చప్పుడు విన్నాం. ఆదివారం చీకటి పడేలోపు గడప కనిపించింది. గడియారాల ఆయన భార్య నిన్న లేచి కూర్చుని, ఉప్పు తక్కువైందని నా వంటకి వంక పెట్టింది.

నీ ఉత్తరం శనివారం సాయంత్రం వచ్చింది. ఆయనకి చదివి వినిపించింది నేనే, చెయ్యి కట్టులో ఉంది కదా. బెల్టు నాకు ఇచ్చెయ్యమన్న వాక్యం రెండుసార్లు చదివాను.

ఎనిమిదేళ్ళ కిందట ఆయనకి ఒళ్ళు వెచ్చగా ఉంది, సెలవు పెడతానన్నారు. ప్రమోషను లిస్టు వచ్చే వారం, ఇప్పుడు సెలవేమిటి, వెళ్ళండి అన్నాను. పడ్డారు. వరండాలో నువ్వు, 'పంపింది నువ్వేగా' అన్నావు. అది అబద్ధమైతే మర్నాడే మర్చిపోయేదాన్ని. నిజం కాబట్టే ఇన్నేళ్ళు పట్టింది. ఈసారి కూడా పంపింది నేనే. నువ్వు అనకముందే చెబుతున్నాను.

మంచం గోడకి దూరంగా వేసుకో.

అక్క


ల్యాబు వెనక గది,
గురువారం

అక్కా,

నాలుగుసార్లు రాసి చించాను. ఇది ఐదోది, ఎలా ఉంటే అలా పంపేస్తాను.

ఈసారి పంపింది నువ్వే. అవును. నేనక్కడ ఉంటే, ఆ నాలుగు సీసాలూ తొమ్మిది మందినీ చూస్తే, నేనూ అదే మాట అనేదాన్ని. ఆ పైన తాడు అంతసేపు పట్టుకోవడం నా వల్ల అయ్యేది కాదు. నా చేతులు పళ్ళు అరగదీయడానికి తప్ప దేనికీ పనికిరావని నువ్వే అనేదానివి.

ఎనిమిదేళ్ళుగా నీకు చెప్పని సంగతి ఒకటుంది. బావ పడ్డ రోజు పొద్దున ఫోను చేస్తే ఎత్తింది బావే. ఒంట్లో బాగాలేదు, వెళ్ళాలా వద్దా అని చూస్తున్నానన్నాడు. నేను నవ్వి, 'మగవాళ్ళకి ముక్కు కారితే లోకం మునిగినట్టే, వెళ్ళు బావా, ఏం కాదు' అన్నాను. నీకు తెలియదు. బావ చెప్పలేదు, చెప్పడని నాకు తెలుసు. వరండాలో చెప్పులు పట్టుకుని నిలబడ్డప్పుడు నా చెవిలో మోగుతున్నది నా మాటే. అది భరించలేక నీ మీదకి విసిరాను. నువ్వు తిరిగి ఒక్క మాటా అనలేదు, దాంతో ఆ మాట నీదే అయిపోయింది. మర్నాడు చెబుదామనుకున్నాను. నువ్వు ముఖం తిప్పుకున్నావు. ఆ పైవారం చెబుదామనుకున్నాను. అలా ఎనిమిదేళ్ళు.

ఇంకో చిన్న సంగతి కూడా. తుఫాను తర్వాత ఆరో రోజున నేను వ్యానులో బ్రిడ్జి దాకా వచ్చాను. పడవలో ఇంకొకరికి చోటుందన్నారు. ఎక్కలేదు. నీళ్ళంటే భయమని చెప్పాను. భయపడింది నీళ్ళకి కాదు. నువ్వు తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేస్తే నేనేం చేయాలో తెలియలేదు. సాయంత్రం దాకా అక్కడే ఒక రాయి మీద కూర్చుని, తిరిగి వచ్చేశాను.

మంచం గది మధ్యలోకి జరిపాను. ఇప్పుడు తలుపు సగమే తెరుచుకుంటోంది. లోపలికి రావాలంటే ఒంటిపక్కగా రావాలి.

చెల్లి


మేడ మీద,
సోమవారం

చెల్లీ,

బ్రిడ్జి దాకా వచ్చిన సంగతి డ్రైవరు ఆ మర్నాడే పడవతనికి చెప్పాడు, పడవతను నాకు చెప్పాడు. 'మీ చెల్లెలట, రాయి మీద కూర్చుని రొట్టె కాకులకి వేస్తోంది' అని. నీకు నీళ్ళంటే భయమేమిటి, చిన్నప్పుడు తొట్టిలోంచి బయటికి లాగడానికి ఇద్దరు మనుషులు కావాల్సివచ్చేది. నువ్వు ఎప్పుడు ఒప్పుకుంటావో చూద్దామని ఊరుకున్నాను. పడవ ఎదురు పంపి నిన్ను ఎక్కించుకు రమ్మని నేనూ చెప్పలేదులే. అందులో నా పాలూ ఉంది.

ఫోను సంగతి చదివి ఆయన్ని అడిగాను. నేనన్న మాటా, అదన్న మాటా రెండూ విని వెళ్ళారా ఆ రోజు, నిజం చెప్పండి అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, 'ఆడవాళ్ళ మాట వినేంత మంచివాణ్ణయితే ఎప్పుడో బాగుపడేవాణ్ణి. ఆ రోజు నాకే వెళ్ళాలనిపించి వెళ్ళాను' అన్నారు. అబద్ధమే. నాకు తెలుసు. అయినా ఆ అబద్ధాన్ని మనిద్దరం చెరిసగం పంచుకుందాం.

వంతెనకి పక్కన తాత్కాలికంగా దారి వేశారు. గురువారం నుంచి బస్సు ఊళ్ళోకే వస్తుందట. కింద కొట్టు కడిగి సున్నం వేయాలి. బురద గోడలో ఒక జాన లోపలికి పోయింది. ఆయన చెయ్యి లేవదు, నా చెయ్యి ముడవదు. నీ చేతులు దేనికీ పనికిరావని నేను అన్న మాట వాస్తవమే గానీ, ప్రస్తుతానికి ఇంతకన్నా మంచివి దొరకడం లేదు.

తలుపు గురించి భయపడకు. అది ఇంకా గడియారాల ఆయన కిందే ఉంది. వేద్దామన్నా వేయడానికి లేదు.

అక్క


కింది కొట్టు, కొత్త బల్ల మీద,
రెండు నెలల తర్వాత ఒక ఆదివారం

మరదలికి,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, కోడిగీతలని నవ్వకు. కుడి చేతికి కట్టు విప్పారు గానీ కలం ఇంకా పట్టు దొరకడం లేదు. ఫోను పనిచేస్తోంది కదా, ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో మాట్లాడితే మీ అక్క పక్కనే ఉంటుంది. ఉండి, నా చేతిలోంచి లాక్కుంటుంది.

నువ్వున్న తొమ్మిది రోజుల్లో మీరిద్దరూ పదకొండుసార్లు పోట్లాడుకున్నారు. బడి పెద్దమ్మ లెక్కపెట్టింది. పరుపులు ఎండలో వేయాలా నీడలోనా అన్నదానికి ఒక పూటంతా పట్టింది. చివరికి ఒకటి ఎండలో, ఒకటి నీడలో వేశారు. నేను నీడలోదాని మీద పడుకుని, ఏ పక్షమూ వహించలేదు. వీధి చివరి దాకా మీ గొంతులు వినిపించేవట. నువ్వు వెళ్ళాక మంగలి వచ్చి, 'ఏమండీ, ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేదా, చప్పుడు లేదు' అని అడిగాడు.

నిచ్చెన కాలు నయమైంది. కాని నన్ను స్తంభం ఎక్కించినందుకు ఆఫీసులో అతన్ని సంజాయిషీ అడిగారు. అది విని మీ అక్క ఆ బూట్లతోనే ఆఫీసుకి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో తెలియదు. అరగంట తర్వాత ఇంజనీరు ఆవిడ్ని గేటు దాకా సాగనంపాడు, ఆ కాగితం మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. నాకు మాత్రం శిక్ష పడింది. ప్రతి ఆదివారం బడి మైదానంలో వీధివాళ్ళకి తాడు ఎలా కట్టాలో, నానిన నేలలో స్తంభాన్ని ఎలా నిలబెట్టాలో, తీగ తెగి పడితే ఎంత దూరంలో నిలబడాలో నేర్పాలి. నేను నేల మీదే ఉండాలి. కుర్చీ కూడా ఎక్కకూడదు. బెల్టు మీ అక్క నిచ్చెనకి ఇచ్చేసింది. అతనికి రెండు రంధ్రాలు ఎక్కువ పొడవాల్సి వచ్చింది.

మళ్ళీ ఒక వాయుగుండం పుట్టిందని పొద్దున రేడియోలో చెప్పారు. ఇటు రాకపోవచ్చట. అయినా మీ అక్క అప్పుడే మందుల పెట్టెలు లెక్కపెడుతోంది. ఈసారి నేను అడగకముందే మోయడం మొదలుపెట్టాను.

అసలు సంగతికి వస్తాను. నువ్వు బయల్దేరే ముందు సాయంత్రం మీరిద్దరూ మేడ మీదకి వెళ్ళారు. పంపుహౌసు మోగుతోంది, నాకు ఒక్క మాటా వినిపించలేదు. గంట తర్వాత దిగి వచ్చారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, ఇద్దరూ దేనికో నవ్వుతున్నారు. ఏం మాట్లాడుకున్నారని ఆ రోజు అడిగాను, 'మీకెందుకు' అంది. వారం పోయాక అడిగాను, 'మీకెందుకు' అంది. ఎనిమిదేళ్ళు ఒకరి మాట ఒకరికి చేరవేసినవాణ్ణి, నాకు ఆపాటి హక్కు లేదా అన్నాను. టీ గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సరే, నిన్నే అడుగుదామని కలం పట్టుకున్నాను. ఇంత దూరం రాశాక, ఎందుకో, అడగబుద్ధి కావడం లేదు.

నీ బావ